చలికొండ మీద సీమమొక్కలు

జలుబు చేసినప్పుడు వేడినీళ్ళలో రెండు చుక్కల నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టడం తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా ఉన్న అలవాటు. ఆ తైలాన్నిచ్చే చెట్టును నీలగిరి చెట్టు అంటారు. పేరు విన్నవారు అది నీలగిరి కొండలలో పుట్టిన చెట్టే అనుకోవడం సహజం. కాని దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా ఖండపు ఆగ్నేయ భాగం, దానికి దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపం. వృక్షశాస్త్రంలో దాని పేరు యూకలిప్టస్ గ్లోబ్యులస్. పందొమ్మిదో శతాబ్దపు నడిమి కాలంలో అది ఈ కొండలకు చేరింది. మైదానాలలో జామాయిలు పేరుతో పెంచేవి దాని దాయాది జాతులు. పరాయి దేశం నుంచి వచ్చిన చెట్టు, రెండు వందల ఏళ్ళు నిండకముందే, కొండ పేరునే తన పేరుగా చేసుకుంది.

తెలుగులో ఇటువంటి మొక్కలకు 'సీమ' అనే ముందుమాట ఒకటి ఉంది. సీమచింత, సీమవంకాయ అన్న పేర్లలో 'సీమ' అంటే దూరదేశం. ఆ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. తమిళనాటి తెలుగు ఇళ్ళలో ఉర్లగడ్డ అని, ఇతర చోట్ల బంగాళాదుంప అని, ఆలుగడ్డ అని పిలిచే దుంప కూడా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల సంతానమే. వచ్చిన మొక్కలలో కొన్ని వంటింటికి బంధువులయ్యాయి. కొన్ని తోటకు అందమిచ్చాయి. మరికొన్ని కొండకు బరువయ్యాయి.

చల్లని ప్రదేశంలో, గాజు గది లేకుండా, ఆరుబయట సీమమొక్కను బ్రతికించడం ఎలా? అది బ్రతికిన తరువాత పెంచినవారి బాధ్యత ఎంతవరకు? ఈ రెండు ప్రశ్నలకు ఉదకమండలం కంటే మంచి పాఠశాల దక్షిణ భారతదేశంలో అరుదు.

1. ఎత్తు తెచ్చిన చలి

ఉదకమండలం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. దానికి పక్కనే ఉన్న దొడ్డబెట్ట శిఖరం ఎత్తు 2,637 మీటర్లు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ, ప్రతి 1,000 మీటర్లకు గాలి వేడిమి సగటున 6.5 డిగ్రీల చొప్పున తగ్గుతుంది. కొండ దిగువన కోయంబత్తూరు సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది. రెండు ఊళ్ళ నడుమ ఉన్న ఎత్తు తేడాయే దాదాపు 12 డిగ్రీల తేడాను తెస్తుంది. అందువల్ల కోయంబత్తూరులో విరగకాసే కొబ్బరి, మామిడి ఇక్కడ పెరగవు. ఇక్కడ పండే క్యారెట్టు, క్యాబేజీ నాణ్యత అక్కడ రాదు.

అయితే ఈ చలి యూరప్ దేశాల చలి వంటిది కాదు. ఉదకమండలం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 11 డిగ్రీల దూరంలోనే ఉంది. ఇక్కడ పగటి నిడివి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. నెలల తరబడి మంచు పేరుకునే శీతకాలం లేదు. చలికాలంలో సైతం పగటి ఎండ చురుకుగానే ఉంటుంది, రాత్రి మాత్రం ఒక్కసారిగా చల్లబడుతుంది. అంటే ఇక్కడి మొక్క ఎదుర్కొనేది దీర్ఘమైన శీతకాలాన్ని కాదు, ఒక్కొక్క రాత్రిని.

ఏ దేశపు మొక్క ఇక్కడ నిలుస్తుందో ఈ తేడాయే నిర్ణయిస్తుంది. ఆండీస్ పర్వతాల వంటి ఉష్ణమండలపు ఎత్తైన కొండల మొక్కలకు ఈ వాతావరణం పుట్టింటి వంటిది. బంగాళాదుంప, ఫ్యూషియా, చెట్టు టమాటా ఆ కోవకు చెందినవి. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన కాలా లిల్లీ, అగపాంథస్, జెరేనియం, తూర్పు ఆసియా నుంచి వచ్చిన కెమీలియా, హైడ్రాంజియా కూడా ఇక్కడ కులాసాగా ఉంటాయి. కాని దీర్ఘ శీతకాలంలో నిద్రపోయి, వసంతంలో మేల్కొనే అలవాటున్న మొక్కలకు ఇక్కడ నిద్ర చాలదు. ఎక్కువ చలి కోరే ఆపిల్ రకాలు ఆకులు వేస్తాయి గాని సరిగా కాయవు. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలను, అలాగే ప్లమ్, పియర్ వంటి పండ్లను ఎంచుకోవడం మేలు. కాబట్టి మొదటి సూత్రం ఇది: మొక్క ఏ దేశానిదని కాక, ఆ దేశంలో ఏ ఎత్తున, ఏ రకపు చలిలో పుట్టిందని అడగాలి.

2. కూరగాయల మడి నుంచి ఉద్యానం దాకా

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో ఈ కొండలకు వచ్చాడు. తరువాతి కొద్ది సంవత్సరాలలో ఇల్లు కట్టించి, చెరువు తవ్వించి, యూరప్ కూరగాయల సాగుకు బాటవేశాడు. 1840ల దశకంలో ఇక్కడ ఉన్న యూరోపియన్లు నెలకు మూడు రూపాయల చందా వేసుకుని, తమ వంటిళ్ళకు కూరగాయలు అందించే ఒక మడిని నడిపారు. ఆ మడి నిలదొక్కుకోకపోయినా, ప్రజలందరికీ ఒక ఉద్యానం కావాలన్న ఆలోచనకు అది కారణమైంది. లండనులోని క్యూ ఉద్యానంలో శిక్షణ పొందిన విలియం గ్రాహం మెకైవర్ 1848లో వచ్చి ఆ పని చేపట్టాడు. దొడ్డబెట్ట దిగువ వాలుమీద, కొంత అడవి, కొంత బురదనేల అయిన చోటును మెట్లు మెట్లుగా మలచి ఆయన తీర్చిదిద్దినదే నేటి ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానం. దాని విస్తీర్ణం సుమారు 22 హెక్టార్లు. కూనూరులోని సిమ్స్ పార్కు 1874లో ఏర్పడింది.

మెకైవర్ పేరు సింకోనాతో కూడా ముడిపడి ఉంది. మలేరియా జ్వరానికి మందైన క్వినైన్ సింకోనా బెరడులో ఉంటుంది. 1860లో క్లెమెంట్స్ మార్కమ్ నాయకత్వాన దక్షిణ అమెరికా నుంచి సింకోనా మొక్కలు, విత్తనాలు సేకరించి తెచ్చారు. అన్నిటినీ ఒకే చోట నాటలేదు. చలికి ఓర్చే రకాన్ని దొడ్డబెట్ట వైపు ఎత్తున పెంచారు. ఎర్రబెరడు రకాన్ని దానికంటే దిగువన ఉన్న నడువట్టంలో పెంచారు. ఒకే కొండలో, ఒకే కుటుంబపు మొక్కలకు రెండు వేర్వేరు ఎత్తులు కావలసి వచ్చాయి. బెరడు ఒలిచిన తరువాత చెట్టు చావకుండా, ఒలిచిన భాగాన్ని తడి నాచుతో చుట్టి కొత్త బెరడు రప్పించే పద్ధతిని మెకైవర్ ప్రవేశపెట్టాడు. సీమమొక్కను పెంచడమంటే దాని స్వభావాన్ని ఓపికగా చదవడమేనని ఈ చరిత్ర చెబుతుంది.

3. గడ్డమంచు: అసలు పరీక్ష

తెలుగులో 'మంచు' అన్న ఒక్క మాట చాలా వాటికి సరిపోతుంది. ఉదయం గడ్డిమీద మెరిసే నీటిబొట్టూ మంచే, దారి కనబడకుండా కమ్మే పొగా మంచే, హిమాలయాలపై కురిసేదీ మంచే. తోటమాలికి మాత్రం వీటిని వేరుచేసి చూడవలసిన అవసరం ఉంది. గడ్డిమీద, ఆకులమీద తెల్లని ఉప్పు చల్లినట్లు పేరుకునే దానిని నీలగిరిలో తమిళులు 'ఉరైపని' అంటారు. ఈ పాఠంలో దానిని 'గడ్డమంచు' అందాం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ముఖ్యంగా డిసెంబరు, జనవరి నెలలలో దాని భయం ఉంటుంది.

పగలు నేల ఎండవేడిని దాచుకుంటుంది. రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదులుతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా వేడిని కొంత నిలుపుతుంది. మబ్బు లేక, గాలి కదలక, చుక్కలు స్పష్టంగా మెరిసే రాత్రి నేల తొందరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. చల్లగాలి బరువైనది. అది నీటివలె వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే ఒకే వీధిలో మెట్టన ఉన్న ఇంటి తోట పచ్చగా ఉండగా, పల్లంలో ఉన్న ఇంటి తోట తెల్లవారేసరికి మాడినట్లు కనిపించవచ్చు. మనిషి ఎత్తున కట్టిన ఉష్ణమాపకం మూడు డిగ్రీలు చూపుతున్నప్పుడు కూడా నేలను ఆనుకున్న గడ్డి సున్నాకు దిగవచ్చు. చలి ఎక్కువగా ఉండేది నడిరాత్రి కాదు, సూర్యోదయానికి కాస్త ముందు.

ఆకులోపలి నీరు గడ్డకట్టినప్పుడు కణాలు ఎండిపోయి, చిట్లి చనిపోతాయి. బంగాళాదుంప, చిక్కుడు, టమాటా, డాలియా, బిగోనియా, ఫ్యూషియా వంటివి దీనికి త్వరగా లొంగుతాయి. క్యాబేజీ, క్యారెట్టు, గులాబీ, కెమీలియా చాలా వరకు తట్టుకుంటాయి. తేయాకు చిగుళ్ళు గడ్డమంచుకు ఎర్రబడి మాడిపోవడం ఈ కొండలలో ప్రతి చలికాలమూ కనిపించే దృశ్యమే.

4. ఇంటి తోటలో చేయవలసినవి

చోటును ఎంచుకోవడమే సగం రక్షణ. సుకుమారమైన మొక్కలను పల్లంలో నాటరాదు. రాతిగోడ పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. దక్షిణానికో పడమటికో ముఖం పెట్టిన గోడ పక్కన, చూరు కింద నాటిన మొక్కకు రెండు మూడు డిగ్రీల ఆదరువు దొరుకుతుంది. తూర్పు ముఖపు చోటు అనుకూలంగా కనిపించినా, గడ్డకట్టిన ఆకుమీద తొలి ఎండ సూటిగా పడితే దెబ్బ పెరుగుతుంది. వాలులో అడ్డంగా పెంచిన దట్టమైన కంచె జారివచ్చే చల్లగాలిని ఆపి తనకు ఎగువన నిలువచేస్తుంది. కాబట్టి కంచె దిగువ భాగంలో గాలి జారిపోవడానికి సందు విడవాలి.

తడినేల పొడినేల కంటే ఎక్కువ వేడిని దాచుకుంటుంది. ఆకాశం తేటగా ఉన్న రోజు మధ్యాహ్నమే మొక్క మొదట నీరు పోయాలి. సాయంత్రం ఆకులు తడిగా ఉండరాదు. పొద్దు గుంకకముందే కప్పు వేయాలి. చీకటి పడి నేల చల్లారిన తరువాత వేసిన కప్పు చలినే కప్పి ఉంచుతుంది. కప్పుకు గోనెపట్టా, పాత దుప్పటి, ఎండుగడ్డి మంచివి. ప్లాస్టిక్ కాగితం ఆకును అంటితే అంటినచోటనే ఆకు మాడుతుంది. నాలుగు కర్రలు పాతి, ఆకుకు తగలకుండా పైన పందిరిలా కప్పడం సరైన పద్ధతి. ఉదకమండలం వృక్షశాస్త్ర ఉద్యానంలో చలికాలం రాగానే, స్థానికంగా 'మిలారు' అని పిలిచే పొదల కొమ్మలను పూలమొక్కల చుట్టూ గుచ్చి నీడ కల్పిస్తారు. పొద్దున్నే నీళ్ళు చిలకరించి ఆకులమీది గడ్డమంచును కరిగిస్తారు. ఖర్చులేని ఈ పద్ధతి ఇంటి తోటకూ సరిపోతుంది. ఎండ వచ్చాక కప్పు తీసివేయాలి. తీయకపోతే ఆ రోజు నేల వేడెక్కదు, మరునాటి రాత్రికి దాచుకున్నది ఏమీ ఉండదు.

చలికాలానికి ముందు నత్రజని ఎరువును ఎక్కువగా వేస్తే లేతచిగుళ్ళు వస్తాయి. అవి మొదటి గడ్డమంచుకే పోతాయి. వర్షాలు తగ్గుముఖం పట్టేసరికి ఆ ఎరువు ఆపాలి. గడ్డమంచు తగిలి నల్లబడిన ఆకులను వెంటనే కత్తిరించరాదు. అవి లోపలి మొగ్గలకు కప్పుగా పనిచేస్తాయి. చలి పూర్తిగా తగ్గిన తరువాత, చిగురు ఎక్కడినుంచి వస్తున్నదో చూసి అక్కడికి కత్తిరించాలి. డాలియా, కెనా వంటి దుంపమొక్కల పైభాగం పోయినా, నేలమీద మందంగా ఎండాకు పరిస్తే దుంప బ్రతికి మళ్ళీ మొలుస్తుంది.

చలి ఒక్కటే శత్రువు కాదు. ఈ కొండలకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వానలిస్తాయి. చలికి నిలిచిన మొక్క వేరుకుళ్ళుతో చనిపోవడం తరచు జరుగుతుంది. మళ్ళను ఒక జానెడు ఎత్తు చేసి, నీరు జారే దారి ఇవ్వాలి. ఇక్కడి నేల పులుపు గుణం కలది. క్యాబేజీ కుటుంబానికి కొంత సున్నం కావాలి, అజేలియా, కెమీలియాలకు సున్నం పనికిరాదు. హైడ్రాంజియా పూల రంగు ఈ గుణానికి సాక్ష్యం. పులుపు నేలలో ఆ మొక్క అల్యూమినియాన్ని గ్రహించి నీలంగా పూస్తుంది. సున్నం కలిపిన నేలలో అదే మొక్క గులాబీరంగు పూలు పూస్తుంది.

5. కంచె దాటిన మొక్కలు

ఇంతవరకు చెప్పినది మొక్కను బ్రతికించే విద్య. ఇక బ్రతికిన మొక్క విషయం.

నీలగిరి పైభాగపు సహజ రూపం రెండు రకాల పచ్చదనాల కలయిక. లోయలలో, మడతలలో పొట్టి చెట్ల దట్టమైన షోలా అడవి ఉంటుంది. వాటి నడుమ ఉన్న వాలులన్నీ గడ్డిమైదానం. పన్నెండేళ్ళకొకసారి పూసే నీలకురింజి, నీలగిరి తార్ అనే కొండమేక, తోడా ప్రజల గేదెల మంద ఈ గడ్డిని ఆశ్రయించుకున్నవే. వాలుమీద చెట్లు ఎందుకు లేవన్న ప్రశ్నకు దొరికే ముఖ్యమైన సమాధానాలలో ఒకటి గడ్డమంచే. షోలా చెట్ల లేతమొలకలు గడ్డిలో మొలిచినా, ఆరుబయటి గడ్డమంచుకు చాలావరకు చనిపోతాయి. అడవి నీడలో ఉన్నవి మాత్రమే నిలుస్తాయి. గడ్డమంచు తోటమాలికి శత్రువైనా, గడ్డిమైదానానికి అది కాపలాదారు.

ఈ కాపలాను దాటగలిగినవి చలికి ఓర్చే సీమమొక్కలు. వంటచెరకు కోసం, తోళ్ళు పదును చేయడానికి పనికివచ్చే బెరడు కోసం ఆస్ట్రేలియా నుంచి వాటిల్ అనే తుమ్మజాతి చెట్లను తెచ్చి నాటారు. యూకలిప్టస్‌ను కట్టెల కోసం, తైలం కోసం విస్తారంగా పెంచారు. యూరప్ నుంచి స్కాచ్ బ్రూమ్, గోర్స్ అనే పసుపుపూల పొదలు వచ్చాయి. చూడముచ్చటైన ఆ పొదల కాయలు ఎండకు పగిలి, గింజలను దూరంగా విసురుతాయి. వాటిల్ గింజలు నేలలో దశాబ్దాల పాటు నిద్రించి, నిప్పు తగిలినా నేల కదిలినా మొలుస్తాయి. యూకలిప్టస్‌ను నరికితే మోడునుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. ఇవన్నీ నేడు గడ్డిమైదానాలను చాలా చోట్ల ఆక్రమించాయి. మొక్కల అంగట్లో 'చలికి బాగా తట్టుకుంటుంది' అన్నది మెచ్చుకోలు మాట. కొండ విషయంలో అదే మాట మొదటి హెచ్చరిక.

వీటిని నాటిన కాలపు మనుషులను నిందించి ప్రయోజనం లేదు. చలిలో కట్టె లేనిదే పొయ్యి వెలగదు. వాటిల్, యూకలిప్టస్ కట్టె దొరకడం వల్ల షోలా చెట్ల మీద గొడ్డలి దెబ్బలు తగ్గాయన్నదీ నిజమే. అయితే ఆ లాభానికి చెల్లించిన ధర నీరు. ఉదకమండలం దగ్గర గ్లెన్‌మోర్గాన్‌లో కేంద్ర నేల, నీటి సంరక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పక్కపక్కనున్న రెండు చిన్న పరీవాహక ప్రదేశాలను పోల్చి చూశారు. ఒకదానిని సహజమైన గడ్డి, షోలాలతో ఉంచి, రెండవదానిలో కొంత భాగంలో యూకలిప్టస్ నాటారు. మొదటి పదేళ్ళ విడతలో నాటినచోటినుంచి వచ్చే నీరు ఏటా సగటున సుమారు 16 శాతం తగ్గింది. తగ్గుదల వేసవి ఊటలలో మరింత హెచ్చుగా కనిపించింది. పట్టణపు కుళాయిలకు నీరు పైనున్న పార్సన్స్ వ్యాలీ వంటి లోయల జలాశయాల నుంచి వస్తుంది. కాబట్టి గడ్డివాలు మీద ఏ మొక్క మొలుస్తున్నదన్నది అడవిశాఖ లెక్క మాత్రమే కాదు, వేసవిలో ప్రతి ఇంటి బిందె లెక్క.

కంటికి కనబడని అతిథి కథ మరొకటి ఉంది. 1961లో ఉదకమండలం ప్రాంతపు బంగాళాదుంప పొలాలలో పసిడి తిత్తి పురుగు అనదగిన ఒక సూక్ష్మమైన నులిపురుగును గుర్తించారు. అది కూడా బంగాళాదుంప పుట్టిన ఆండీస్ ప్రాంతానిదే. దాని గుడ్లు సూదిమొనంత తిత్తిలో ఏళ్ళ తరబడి నేలలో దాగి, బంగాళాదుంప వేళ్ళ వాసన తగలగానే పొదుగుతాయి. ఒకసారి చేరిన నేలనుంచి దానిని పూర్తిగా తొలగించడం అతి కష్టం. మొక్కతో పాటు వచ్చే పిడికెడు మట్టి ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది.

2022లో తమిళనాడు ప్రభుత్వం ఆక్రమణ స్వభావం గల పరదేశ మొక్కల తొలగింపు, సహజ ఆవరణల పునరుద్ధరణ గురించి ఒక విధానాన్ని ప్రకటించింది. తొలగించడం కూడా జాగ్రత్తతో చేయవలసిన పనే. కొన్ని పాత వాటిల్ తోపుల నీడలో షోలా మొలకలు మెల్లగా తలెత్తుతున్నాయి. అటువంటి చోట అన్నిటినీ ఒక్కసారిగా నరికితే ఆ మొలకలూ పోతాయి. పైగా కదిలిన నేలలో వాటిల్ గింజలే ముందుగా మొలుస్తాయి.

6. నాటే ముందు అడగవలసిన ప్రశ్నలు

సీమమొక్కలన్నీ చెడ్డవి కావు. రెండు వందల ఏళ్ళ అనుభవంలో క్యారెట్టు కంచె దాటలేదు, కెమీలియా కొండనెక్కలేదు. హైడ్రాంజియా నాటినచోటనే ఉండి పూస్తోంది. మొక్క ఎక్కడిదన్నది ఒక్కటే కాక, దాని నడత ఎటువంటిదన్నది చూడాలి. కొత్త మొక్కను నాటదలచిన ప్రతి ఇల్లూ ఈ ప్రశ్నలకు సమాధానం వెతకాలి.

ఒకటి: దాని విత్తనాలు గాలికి, పక్షులకు, నీటికి సులభంగా వ్యాపిస్తాయా? వ్యాపించేదైతే పూలు వాడగానే, కాయ కట్టకముందే తుంచగలరా?

రెండు: నరికినా, కాల్చినా, వేరు ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుందా?

మూడు: ఇరుగుపొరుగున, దారి పక్కన, వాగు ఒడ్డున ఇప్పటికే అది తనంతట తాను మొలిచి కనిపిస్తున్నదా? కనిపిస్తే అది హెచ్చరిక. కాలా లిల్లీ ఇంటి కుండీలో అందమైనదే, చిత్తడి నేలలో వదిలితే అక్కడి మొక్కలకు చోటు మిగల్చదు.

నాలుగు: అదే పని చేయగల స్థానిక మొక్క ఉందా? ఎర్రని పూల చెట్టు కావాలనుకునేవారికి నీలగిరి రోడోడెండ్రాన్ ఈ కొండల సొంత బిడ్డ.

అయిదు: మొక్క ఎక్కడినుంచి, ఏ మట్టితో వస్తోంది? విదేశాలలో ఉన్న పిల్లలు, బంధువులు సెలవులకు వస్తూ విత్తనాలు, దుంపలు సంచిలో తేవడం నేడు చాలా ఇళ్ళలో ఉన్నదే. ప్రేమతో తెచ్చినదైనా, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా అటువంటివి తేరాదు. ఉన్న ఊళ్ళోని నమ్మకమైన నర్సరీలో కొనడం అందరికీ క్షేమం.

తోటలో కత్తిరించిన కొమ్మలను, పీకిన దుంపలను వాగులోను, అడవి అంచునను పారవేయరాదు. చాలా మొక్కలు కంచె దాటినది ఆ చెత్తబుట్ట దారినే. గింజలు లేని వ్యర్థాన్ని కంపోస్టు చేయాలి. గింజలున్న దానిని వేరుగా సంచిలో కట్టి పట్టణ పారిశుద్ధ్య సిబ్బందికి అప్పగించాలి. పెరట్లో తనంతట తాను మొలిచిన బ్రూమ్, గోర్స్, వాటిల్ మొలకలను వానలు పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత పిల్లల పెంపకానికే కాదు, దీనికీ వర్తిస్తుంది. వేలితో పీకగలిగిన దానిని ఊరుకుంటే, పదేళ్ళకు గొడ్డలికీ లొంగదు. ఎదిగిన చెట్టును మాత్రం, అది తమ పెరట్లోనే ఉన్నా, విచారించకుండా నరకరాదు. 1955 నాటి తమిళనాడు కొండ ప్రాంతాల వృక్ష సంరక్షణ చట్టం ఇక్కడ అమలులో ఉంది. అనుమతి విషయం ముందుగా అధికారులను అడిగి తెలుసుకోవాలి.

సారాంశం

చల్లని ప్రదేశంలో సీమమొక్క బ్రతకడానికి కావలసినవి తగిన ఎత్తు, జారిపోయే నీరు, తేట రాత్రి వేళ ఒక గోనెపట్టా, అన్నిటికంటే మించి పెంచేవారి గమనిక. గడ్డమంచుకు చనిపోయిన మొక్క ఒక ఇంటికి నష్టం. గడ్డమంచును జయించి, కంచె దాటి, వాలునంతా కమ్మిన మొక్క ఊరందరికీ నష్టం. కాబట్టి మంచి తోటమాలి ప్రతి చలికాలం చివర రెండు లెక్కలు చూసుకుంటాడు. పోయినవి ఎన్ని అన్నది ఒకటి, పిలవకుండా మొలిచినవి ఎన్ని అన్నది రెండవది. రెండవ లెక్కే ముఖ్యమైనది.

అభ్యాసం

1. మీ ఇంటి ఆవరణలో చల్లగాలి నిలిచే పల్లం ఏది? చలికాలపు ఒక తేట ఉదయం, సూర్యోదయానికి ముందు వెళ్ళి, గడ్డి ఎక్కడ తెల్లబడిందో, ఎక్కడ పచ్చగా ఉందో గుర్తించి పటం గీయండి.

2. మీ తోటలోని పది మొక్కల పేర్లు రాసి, ఒక్కొక్కటి ఏ ఖండం నుంచి వచ్చిందో ఇంటి పెద్దలను, నర్సరీవారిని అడిగి తెలుసుకోండి. వాటికి మీ ఇంట తెలుగులో, పొరుగింట తమిళంలో, కన్నడంలో, బడగలో ఏ పేర్లు ఉన్నాయో పక్కన రాయండి.

3. ఆ పదింటిలో మీరు నాటకుండానే మొలిచినవి ఎన్ని? వాటిని ఉంచాలో తీయాలో కారణాలతో చెప్పండి.

4. 'చలికి తట్టుకునే గుణం ఇంటి తోటకు వరం, గడ్డిమైదానానికి ముప్పు' అన్న మాటను నీలగిరి ఉదాహరణలతో వివరించండి.